కస్టడీ మాట లేని కాగితం

వెర్లీన్ స్ట్రాడ్లింగ్ నోట వచ్చిన మొదటి మాటే రోసాల్వాకు నచ్చలేదు. కూర్చోమని అనకముందే, వచ్చిన పనేమిటని అడక్కముందే, ఆవిడ "నేను లాయర్ని కాను" అంది.

అంటూనే ఒక కాగితం ముందుకు జరిపింది. నేను లాయర్ని కానని మీకు చెప్పినట్టు, మీరు విన్నట్టు అందులో ఉంటుంది, చదివి సంతకం పెట్టండి అంది. విడాకులు, పిల్లలు, భరణం లాంటి ఇంటి తగాదాల వరకు రాష్ట్రం తనకు లైసెన్సు ఇచ్చిందని, వాటిలో జడ్జి ముందు నిలబడి మాట్లాడే హక్కు తనకుందని, గీత దాటి ఒక్క అడుగు వేసినా ఆ లైసెన్సు ఊడుతుందని వరసగా చెప్పుకుపోయింది. ఎన్నోసార్లు చెప్పి అరగదీసిన మాటల్లా ఉన్నాయి. రోసాల్వా వింటూనే ఆవిడ వెనకాల గోడ వైపు చూస్తోంది. గోడ మీద పటం కట్టిన సర్టిఫికెట్టు, దాని కింది మూలన బంగారు రంగు ముద్ర, ముద్ర చుట్టూ రంపపు పళ్లలాంటి అంచు.

అలాంటి ముద్రను ఆమె చిన్నప్పుడు ఒకసారి చూసింది. దోన్ ఎవరిస్తో కొట్టులో, సరిగ్గా ఆయన తల వెనకాల. కొట్టు మీద 'నోటారియో' అని బోర్డు ఉండేది. సరిహద్దుకు అవతల, మెక్సికోలో, నోటారియో అంటే పెద్ద లాయరు. ఊళ్లో పెద్దమనుషులు లేచి నిలబడి పలకరించే మనిషి. ఇవతల నోటరీ అంటే ఇంకొకరి సంతకం పక్కన ముద్ర కొట్టేవాడు, అంతకంటే ఏమీ కాదు. ఆ తేడా తెలియని రోసాల్వా తండ్రి తన కాగితాలన్నీ సంచిలో వేసుకెళ్లి ఆయన బల్ల మీద పెట్టాడు. ఆయన ఏ అర్జీ రాశాడో, ఎందులో ఏం తప్పు చేశాడో ఈనాటికీ ఎవరికీ తెలియదు గాని, ఆ అర్జీ పట్టుకునే అధికారులు ఇంటికి దారి తెలుసుకున్నారు. తండ్రిని సరిహద్దు దాటించారు. ఆయన అవతలే పోయాడు. ఇవతల మిగిలిన తల్లి దోన్యా చాయో ఆనాటి నుంచి ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టింది. లాయరు కాని మనిషి ముందు ఈ ఇంటివాళ్లు ఎవరూ కలం పట్టకూడదు.

ఇప్పుడు రోసాల్వా చేతిలో కలం ఉంది. కాగితం తిరగేసి వెనకవైపు కూడా చూసింది. వెనక ఏమీ లేదు. అది కూడా ఆమెకు అనుమానంగానే అనిపించింది. అయినా సంతకం పెట్టింది, ఎందుకంటే వేరే దారి లేదు.

శాంతా ఒలాయా రాగి గని ఊరు. ఊళ్లో ఉన్న లాయర్లు ఇద్దరే. ఒకాయన డన్‌లప్, ఆయన్ని మొగుడు ఎఫ్రయీన్ అప్పటికే పెట్టుకున్నాడు. రెండో ఆయన అడిగిన ఫీజు విన్నాక రోసాల్వా తలుపు దగ్గరే థాంక్స్ చెప్పి వచ్చేసింది. బడి వంటగదిలో పనిచేసే మనిషికి అందే సంగతి కాదది. కోర్టు కిటికీ దగ్గర కూర్చునే అమ్మాయి వెర్లీన్ పేరు చెప్పింది. ఆవిడ చేసే పనికి లీగల్ పారాప్రొఫెషనల్ అని పొడుగాటి పేరుంది. ఆ ఊళ్లో ఎవరికీ నోరు తిరగదు. 'లాయరు కాని లాయరమ్మ' అంటారు, కొందరు నవ్వుతూ, కొందరు నవ్వకుండా.

తగాదా ఒక్కదాని గురించే. ఎఫ్రయీన్‌కు పక్క రాష్ట్రం నెవాడాలో బంగారు గనిలో లారీ నడిపే ఉద్యోగం వచ్చింది. ఇక్కడి రాగి గని కంటే అక్కడ జీతం ఎక్కువ. వెళ్తే వెళ్లనీ, కాని మూడో క్లాసు చదువుతున్న కూతురు దనీరాను కూడా తీసుకుపోతానంటున్నాడు. అక్కడ తన అక్క ఉందట, పెద్ద ఇల్లట, పిల్లకు విడిగా గదట. విడాకులతో పాటే ఈ సంగతి కూడా తేలాలి. ఇల్లు, బండి, మంచం, ఏది పోయినా రోసాల్వాకు పట్టింపు లేదు. పొద్దున్నే లేవగానే ఆ పిల్ల పక్క గదిలో ఉండాలి. అంతే ఆమె అడిగేది.

*

వెర్లీన్ ఒకరోజు ఇల్లు చూడటానికి వచ్చింది. పిల్ల ఎక్కడ పడుకుంటుంది, బడికి ఎలా వెళ్తుంది, ఇవన్నీ జడ్జి అడగవచ్చు కాబట్టి కళ్లారా చూడాలంది. చక్కటి స్పానిష్ మాట్లాడింది, కాని అది ఇక్కడి స్పానిష్ కాదు. వయసులో ఉన్నప్పుడు మతప్రచారానికి చిలీ దేశం వెళ్లి అక్కడ నేర్చుకుందట. దోన్యా చాయో కాఫీ పెట్టి ఇచ్చింది. వెర్లీన్ దాన్ని చేత్తో కూడా ముట్టుకోలేదు. వెంట తెచ్చుకున్న పెద్ద గ్లాసులోంచి ఐసు సోడా చప్పరిస్తూ కూర్చుంది.

ఆవిడ కారు మలుపు తిరగగానే ముసలమ్మ అందుకుంది.

"తెల్లావిడ. మాట్లాడేది చిలీ భాష. మనింట్లో చుక్క కాఫీ గొంతు దిగలేదు. ఇంకేం కావాలే నీకు?"

"ఆవిడ మోర్మన్, ఆ మతంవాళ్లు కాఫీ తాగరమ్మా. ఊరందరికీ తెలుసు."

"దోన్ ఎవరిస్తో మాత్రం తాగాడా? కడుపులో పుండు అన్నాడు."

మోర్మన్ల సంగతి తెలిసినా, చల్లారిన ఆ కప్పును సింకులో వంపుతుంటే రోసాల్వాకు ఏదోలా అనిపించింది.

తర్వాత వెర్లీన్ ఆఫీసులో తాగుడు సంగతి వచ్చింది. ఒకప్పుడు ఎఫ్రయీన్ బాగా తాగేవాడు. ఒకసారి పిల్లను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని బండిని చెక్‌డ్యాము గోడకు గుద్దాడు. పిల్లకు దెబ్బ తగల్లేదు గాని, అదే తన చేతిలో ఉన్న అసలు ఆయుధం అని రోసాల్వా అనుకుంటూ వచ్చింది. వెర్లీన్ మొత్తం విని, ఆ మాట కోర్టులో ఎత్తొద్దంది. అతను మానేసి ఏళ్లయింది, మానేశాక మీరే పిల్లను అతని బండిలో ఎన్నోసార్లు పంపారు, ఇప్పుడు ఎత్తితే జడ్జి ముందు మిమ్మల్నే ప్రశ్నిస్తుంది అని కారణం కూడా చెప్పింది. రోసాల్వా చెవిలో కారణం పడలేదు. ఎత్తొద్దు అన్న ముక్క ఒక్కటే పడింది. మన తరఫు మనిషి మన కత్తినే ఒరలో పెట్టమంటోంది, ఎవరి కోసమో.

అది ఎవరి కోసమో ఆ వారంలోనే కంటబడింది. బడి నుంచి ఇంటికి వస్తుంటే ఐస్‌క్రీం కొట్టు ముందు వెర్లీన్ కారు ఆగి ఉంది. కారు తలుపు మీద మోచెయ్యి ఆనించి డన్‌లప్ నిలబడ్డాడు. చేతిలో ఆలుగడ్డ వేపుడు పొట్లం. ఆయన ఏదో అన్నాడు, వెర్లీన్ తల వెనక్కి వాల్చి నవ్వింది, నవ్వుతూనే ఆయన పొట్లంలో చెయ్యి పెట్టి ఒక ముక్క తీసుకుంది. అంతలో గనిలో రాయి పగలడానికి రోజూ మధ్యాహ్నం పెట్టే పేలుడు వినబడింది. కిటికీ అద్దాలు ఎప్పట్లాగే గలగలమన్నాయి, వీధిలో వాళ్లంతా ఎప్పట్లాగే ఒక్క క్షణం ఆగి మళ్లీ మాటలు అందుకున్నారు. వాళ్లిద్దరూ కూడా మళ్లీ నవ్వులు అందుకున్నారు.

రోసాల్వా ఆ సంగతి నిన్ఫాకు చెప్పింది. నిన్ఫా దనీరాకు బాప్తిస్మం నాటి జ్ఞానతల్లి. అందుకని రోసాల్వా, ఆమె ఒకరినొకరు 'కొమాద్రే' అని పిలుచుకుంటారు. ఆ చుట్టరికం అప్పచెల్లెళ్ల కంటే ఒక మెట్టు ఎక్కువ. నిన్ఫా జుత్తు కత్తిరించే కొట్టు నడుపుతుంది కాబట్టి ఊళ్లో ప్రతి విడాకుల సంగతీ ఆమెకు తెలుసు.

"ఒకే పొట్లంలో తిన్నారా?" అని అడిగింది నిన్ఫా, కత్తెర ఆపి.

"తిన్నారు."

"ఉప్పు దగ్గర కలిసినవాళ్లు కోర్టులో కొట్టుకుంటారంటే నేను నమ్మను కొమాద్రే. కళ్లు తెరుచుకుని ఉండు."

*

ఆగస్టు చివరలో వెర్లీన్ ఫోన్ చేసింది. డన్‌లప్‌తో మాట్లాడి రెండు వైపులా ఒప్పుకోదగ్గ ఒప్పందం ఒకటి తయారు చేశానని, సోమవారం కోర్టులో జడ్జి ముందు దాన్ని చదివి రికార్డు చేయిస్తారని, ఈలోపు చదువుకుని సందేహాలుంటే అడగమని చెప్పింది. పిల్ల మీ దగ్గరే ఉండేట్టు రాశాను అని కూడా అంది. సాయంత్రానికి కాగితాలు వచ్చాయి.

రోసాల్వా, నిన్ఫా వంటింటి బల్ల దగ్గర కూర్చున్నారు. పచ్చి మొక్కజొన్న పిండిని ఆకుల్లో చుట్టిన తమాలీలు ఉడుకుతున్నాయి, గదంతా ఆవిరి. రోసాల్వా ఇక్కడి హైస్కూల్లోనే చదువుకుంది, ఇంగ్లీషు బాగానే వచ్చు. కాని ఆ పేజీల్లో ఉన్నది ఆమెకు వచ్చిన ఇంగ్లీషు కాదు. అర్థం చేసుకోవడం తర్వాత సంగతి, ముందు ఒక్క మాట వెతుకుదామని ఇద్దరూ నిశ్చయించుకున్నారు. కస్టడీ. టీవీలో, చర్చి మెట్ల మీద, నిన్ఫా కొట్టులో, అందరూ అనేది ఆ మాటే. కస్టడీ ఆమెకొచ్చింది, కస్టడీ వాడు కొట్టేశాడు, కస్టడీ కోసం కొంప అమ్ముకున్నారు. ఆ మాట పక్కన రోసాల్వా పేరుంటే చాలు.

ఆ మాట లేదు. మొదటి పేజీలో లేదు, చివరి పేజీలో లేదు. నిన్ఫా తన కళ్లజోడు తుడుచుకుని మళ్లీ మొదలు పెట్టింది. 'తల్లిదండ్రుల సమయం' అని ఉంది. 'నిర్ణయాలు తీసుకునే అధికారం' అని ఉంది. అవి మళ్లీ మళ్లీ ఉన్నాయి. కస్టడీ మాత్రం ఎక్కడా లేదు.

"పెళ్లి కాగితంలో పెళ్లి అన్న మాట లేనట్టుంది ఇది" అంది నిన్ఫా.

రోసాల్వా అక్కడికక్కడే వెర్లీన్‌కు ఫోన్ చేసింది. అటు వైపు గ్లాసులో ఐసు కదిలిన చప్పుడైంది. కస్టడీ అన్న మాట ఈ రాష్ట్రపు చట్టంలోంచి ఎప్పుడో తీసేశారని, దాని బదులు ఈ మాటలే వాడాలని, అసలు సంగతి ఏమీ మారదని వెర్లీన్ చెప్పింది. రోసాల్వా సరేనని ఫోన్ పెట్టేసింది.

"ఏమంది?"

"ఆ మాట చట్టంలో లేదట. తీసేశారట."

నిన్ఫా చాలాసేపు నవ్వింది. ఆ నవ్వులో సంతోషం లేదు. "ఊరంతా వాడే మాట చట్టంలోంచి తీసేశారట. ఉప్పు అన్న మాట కూడా తీసేశారేమో అడక్కపోయావా?"

దోన్యా చాయో తమాలీల గిన్నె మూత తీసి చూస్తోంది. చూసి ఠక్కున మూసింది.

*

ఆదివారం ప్రార్థన అయ్యాక ఎఫ్రయీన్ వచ్చాడు. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, దనీరాకు కొత్త బూట్లు పట్టుకొచ్చాడు. దోన్యా చాయో అతని వంక చూడకుండానే బోటి పులుసు వడ్డించింది. ఆదివారం పూట గుమ్మంలోకి వచ్చినవాడికి పులుసు పోయకుండా పంపడం ఆమెకు చేతకాదు. అతను గురిగింజలంతేసి మిరపకాయలు వేళ్లతో నలిపి చల్లుకుని, ముక్కు తుడుచుకుంటూ తిన్నాడు.

తిన్నాక జేబులోంచి మడత పెట్టిన కాగితాలు తీశాడు.

"రోసా, మనలో మనకి కోర్టెందుకు? ఆవిడ లాయరు కూడా కాదంట కదా. రేపు ఆవిడ జడ్జి ముందు ఏదో వాగి, అది చెల్లదంటే పోయేది ఎవరు? నువ్వూ నేనూ."

"డన్‌లప్‌కు తెలుసా ఇది?"

"ఆయనకెందుకు? మొగుడూ పెళ్లాల సంగతి. చూడు, కస్టడీ అని పెద్ద అక్షరాలతో ఉంది. ఇద్దరికీ కస్టడీ. నీ పేరూ ఉంది, నా పేరూ ఉంది. సంతకం పెడితే రేపు పోయి ఇదే ఇచ్చేద్దాం."

నిజంగానే ఉంది. పై వరసలోనే లావు అక్షరాలతో ఉంది. దాని కింద 'ఉమ్మడి' అన్న మాట, దాని పక్కన తన పేరు, తప్పు లేకుండా. అప్పుడే లోపలికి వచ్చిన నిన్ఫా భుజం మీదుగా తొంగి చూసి, ఇదిగో, కాగితమంటే ఇలా ఉండాలి అంది. రోసాల్వాకు గుండె మీంచి బరువు దిగినట్టయింది. ఈ మనిషి అబద్ధాలు ఆమెకు తెలుసు. అతను అబద్ధం చెప్పేటప్పుడు మెడ వెనక గోక్కుంటాడు. ఇప్పుడు గోక్కోలేదు. వెర్లీన్ అబద్ధం చెబితే ఎలా ఉంటుందో మాత్రం ఆమెకు తెలియదు. తెలియని మనిషి కంటే తెలిసినవాడు నయం కాదా? బల్ల సొరుగులోంచి కలం తీసింది.

ఎఫ్రయీన్ లేచి తన గిన్నె పట్టుకుని సింకు దగ్గరికి వెళ్లాడు. కుళాయి తిప్పాడు. గిన్నె కడిగాడు. కడిగి, తుడిచి, ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూశాడు.

రోసాల్వా అతన్నే చూస్తోంది. కాపురం చేసినన్నాళ్లూ అతను తిన్న గిన్నె తిన్నచోటే ఉండేది. పండక్కి కూడా, ఆమె జ్వరంతో పడుకున్నప్పుడు కూడా. పుట్టింటివాళ్లు చెప్పినా, చర్చి ఫాదర్ చెప్పినా ఆ చెయ్యి కుళాయి దాకా పోలేదు.

ఆమె కలం మూత పెట్టింది. కాగితాలు ఉంచి వెళ్లు, రాత్రికి చదివి రేపు కోర్టు దగ్గర చెబుతానంది. అతను నవ్వుతూ సరేనన్నాడు. మెట్లు దిగుతూ మెడ వెనక గోక్కున్నాడు.

*

కోర్టు వరండాలో పొడుగాటి చెక్క బెంచీ ఉంది. బడి వంటగదిలో పని చూసుకుని, జుత్తుకు కట్టిన వల తీసేసి రోసాల్వా వచ్చేసరికి వెర్లీన్ అప్పటికే ఆ బెంచీ మీద కూర్చుని సోడా చప్పరిస్తోంది. వరండా ఆ చివర ఎఫ్రయీన్, డన్‌లప్ నిలబడ్డారు. ఎఫ్రయీన్ ఈమె వైపు చూసి, గాల్లో సంతకం పెడుతున్నట్టు వేళ్లు ఆడించాడు. డన్‌లప్ అది చూడలేదు.

రోసాల్వా రాత్రి ఆ కాగితాలు చదివింది గాని, ఎంత చదివినా వాటిలో ఏముందో తేల్చుకోలేకపోయింది. అందుకని ఒక పరీక్ష పెడదామనుకుంది. ఎవరిచ్చారో చెప్పకుండా వాటిని వెర్లీన్ ఒళ్లో పెట్టింది. ఈవిడ వాళ్లతో కలిసి ఉంటే సంతకం పెట్టమంటుంది. మన మనిషైతే ఎందుకు పెట్టకూడదో విడమరిచి చెబుతుంది.

వెర్లీన్ రెండూ చేయలేదు. మొదటి పేజీ పైభాగం చూసి, చదవకుండానే మూసేసింది.

"ఇది నెవాడా కాగితం సెన్యోరా. దీంట్లో ఏముందో, మంచిదో కాదో నేను చెప్పకూడదు. నా లైసెన్సు ఈ రాష్ట్రం వరకే. ఇవాళ దీని మీద సంతకం పెట్టొద్దని మాత్రం చెప్పగలను."

"ఎందుకు?"

"ఎందుకంటే మీకు అర్థం కాలేదు కాబట్టి. అర్థమై ఉంటే నా దగ్గరికి తెచ్చేవాళ్లు కాదు."

జవాబు సూటిగానే ఉంది. కాని రోసాల్వాకు అందులో కనిపించింది తప్పించుకోవడమే. పెట్టొద్దంటుంది, ఎందుకో చెప్పదు. పెట్టొద్దనక ఏమంటుంది, ఇది నడిస్తే తను రాసింది చిత్తు కాగితం అవుతుంది కదా. రెండు కట్టలూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఒకదాంట్లో కస్టడీ ఉంది, ఒకదాంట్లో లేదు. ఒకటి అబద్ధాలకోరు ఇచ్చింది, ఒకటి అపరిచితురాలు ఇచ్చింది. మనసు ఎటూ పోక, ఎప్పట్లాగే రేపటి వంట మీదికి పోయింది. రేపు మంగళవారం. మంగళవారాలు బడిలో చిక్కుడుగింజల రొట్టెలు. తను చీకటితోనే లేవాలి. లేచి ముందు దనీరా జడ వేయాలి, లేకపోతే ఆ పిల్ల జుత్తు విరబోసుకునే బడికి వస్తుంది.

అప్పుడు అడిగింది. కావాలని ఆలోచించి అడిగింది కాదు.

"నాకు ఒక్కటే చెప్పండి. మంగళవారం పొద్దున నా కూతురు ఎవరింట్లో నిద్ర లేస్తుంది?"

వెర్లీన్ తను రాసిన కట్ట వైపు చూడను కూడా చూడలేదు. "మీ ఇంట్లో. బడి ఉన్నన్నాళ్లూ మీ ఇంట్లో. వేసవి సెలవుల్లో వాళ్ల నాన్న దగ్గర."

"మరి దీంట్లో?"

"చెప్పానుగా, దాని గురించి నేను మాట్లాడకూడదు. అదే ప్రశ్నతో మీరే చదువుకోండి." అని వెర్లీన్ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని ఎదురు గోడకేసి చూస్తూ కూర్చుంది.

రోసాల్వా నెవాడా కట్ట తెరిచింది. ఈసారి కస్టడీ అన్న మాట కోసం వెతకలేదు. మంగళవారం కోసం వెతికింది. అది మూడో పేజీలో దొరికింది. నిర్ణయాల మీద హక్కు ఇద్దరికీ ఉమ్మడి, అంతవరకు నిజమే. పిల్ల నివాసం మాత్రం బడి ఉన్నన్నాళ్లూ తండ్రితో. తల్లికి వేసవిలో కొన్ని వారాలు, ఒక క్రిస్మస్ వదిలి ఒక క్రిస్మస్. ఇక్కడా కస్టడీ అన్న మాటే ఉంది, దాని పక్కన 'ప్రధాన' అని ఉంది, దాని పక్కన ఎఫ్రయీన్ పేరుంది. రాత్రి ఈ వరస మీదుగానే రెండుసార్లు కళ్లు పోనిచ్చింది. కస్టడీ కనబడగానే ఊరటపడి ముందుకు పోయింది.

కాగితాలు నాలుగు మడతలు పెట్టి సంచి అడుగున, జుత్తు వల కింద కుక్కింది. వరండా ఆ చివర ఎఫ్రయీన్ మళ్లీ వేళ్లు ఆడించాడు. ఆమె చూడనట్టు ఊరుకుంది. లేచి వెర్లీన్ వెంట లోపలికి నడుస్తుంటే ఇంకో ఆలోచన వచ్చి కాళ్లకు అడ్డుపడింది. మంగళవారం మీ ఇంట్లోనే అని ఈవిడ అన్నది నోటి మాటే కదా. అంత తేలిగ్గా, కాగితం చూడకుండా ఎలా చెప్పింది? ముందే అనుకున్న మాటేమో?

*

జడ్జి నడివయసు ఆవిడ, మెడకు కట్టు కట్టుకుని ఉంది. ఒప్పందం చదవమంది. డన్‌లప్ చదివాడు. తల్లిదండ్రుల సమయం, నిర్ణయాలు తీసుకునే అధికారం, మళ్లీ అవే మాటలు. మధ్యలో గని పేలింది. చదువుతున్నవాడు ఆగాడు, రాసుకుంటున్నమ్మాయి ఆగింది, అద్దాలు సద్దు మణిగాక మళ్లీ మొదలైంది.

జడ్జి మొదట రోసాల్వాను లేపి ప్రమాణం చేయించింది. ఇది మీకు అర్థమైందా, ఎవరి బలవంతమైనా ఉందా, ఒప్పుకుంటున్నారా అని అడిగింది. ఇలా అడుగుతారని, మూడింటికీ సూటిగా జవాబు చెబితే చాలని వెర్లీన్ ముందే చెప్పి ఉంచింది.

"అర్థమైందో లేదో నాకు తెలియదండీ" అంది రోసాల్వా.

వెర్లీన్ కుర్చీలోంచి సగం లేచింది. డన్‌లప్ గడియారం చూసుకున్నాడు.

"ఏది అర్థం కాలేదు?" అంది జడ్జి.

"ఇందులో కస్టడీ అన్న మాట లేదు. అది చట్టంలోనే లేదని ఈవిడ చెబుతోంది. ఈవిడ లాయరు కాదు. అందుకని మిమ్మల్నే అడుగుతున్నాను. మంగళవారం పొద్దున నా కూతురు ఎవరింట్లో నిద్ర లేస్తుంది?"

వెర్లీన్ మెల్లగా మళ్లీ కూర్చుంది. ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి. జడ్జి నవ్వలేదు. ముందున్న కాగితం తీసి, ఒక వరస దగ్గర వేలు పెట్టి చదువుకుంది.

"ఆ మాట చట్టంలో లేదు, నిజమే. బడి ఉన్న మంగళవారమైతే మీ అమ్మాయి మీ ఇంట్లో, ఈ ఊళ్లో నిద్ర లేస్తుంది. వేసవి మంగళవారమైతే వాళ్ల నాన్న దగ్గర. మీరు ఒప్పుకుంటున్నది దీనికి."

"అయితే ఒప్పుకుంటున్నాను."

జడ్జి ఎఫ్రయీన్ వైపు తిరిగింది. మెడ కట్టు వల్ల మనిషి మొత్తం తిరగాల్సి వచ్చింది. ఎఫ్రయీన్‌ను లేపి ప్రమాణం చేయించింది గాని, అతన్ని ఆ మూడు ప్రశ్నలూ అడగలేదు. "ఆమె అడిగిన ప్రశ్న విన్నారుగా, మీ జవాబు ఏమిటో చెప్పండి. మంగళవారం పొద్దున మీ అమ్మాయి ఎక్కడ?" అంది.

ఎఫ్రయీన్ రోసాల్వా వైపు చూశాడు. రోసాల్వా అతని చేతుల వైపు చూసింది. కుడి చెయ్యి మెడ దాకా పోయి, డన్‌లప్ పక్కకు తిరిగి తనవైపే చూస్తున్నాడని తెలిసి, మళ్లీ కిందికి దిగింది. ఆ ఒప్పందం అతని లాయరే చదివాడు. కాదంటే ఎందుకు కాదో చెప్పాలి. ఎందుకో చెప్పాలంటే ఆదివారం సంగతి చెప్పాలి.

"వాళ్లమ్మ దగ్గర" అన్నాడు, నేలకేసి చూస్తూ.

"కొంచెం గట్టిగా. రాసుకోవాలి."

"శాంతా ఒలాయాలో, వాళ్లమ్మ దగ్గర."

రాసుకుంటున్న అమ్మాయి వేళ్ల చప్పుడు ఆగే దాకా రోసాల్వా నిలబడే ఉంది. కూర్చోవచ్చని ఎవరో చెబితే కూర్చుంది.

*

బయట ఎండ కళ్లలో కొట్టింది. వెర్లీన్ కారు తాళాల కోసం సంచిలో వెతుక్కుంటూ, జడ్జి ముందు అలా అడగాలనుకుంటే ముందు నా చెవిన వేసి ఉండాల్సింది అంది. గొంతులో కోపం లేదు గాని నొప్పి ఉంది. రోసాల్వా క్షమాపణ చెప్పలేదు. ఆదివారం సంగతి మొత్తం చెప్పింది. వెర్లీన్ వెతకడం ఆపేసి విన్నది. అంతా విన్నాక, ఆ కాగితం చించెయ్యకండి, దాచండి అంది.

"ఒక సంగతి అడగనా?" అంది రోసాల్వా. "ఆ రోజు ఐస్‌క్రీం కొట్టు దగ్గర డన్‌లప్‌తో దేనికి నవ్వారు?"

వెర్లీన్ తాళాలు పైకి తీసింది. "ఆయన కుక్క గురించి అనుకుంటాను. అది కోర్టు గుమస్తా చెప్పు ఎత్తుకుపోయింది."

"అనుకుంటారా?"

"నాకు సరిగ్గా గుర్తు లేదు సెన్యోరా."

గుర్తు లేదు అన్న ఆ మాటను రోసాల్వా ఇంటి దాకా మోసుకెళ్లింది. దారి పొడవునా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. నిజం కావచ్చు. డన్‌లప్‌కు కుక్క ఉన్న మాట నిజమే.

మర్నాడు దీపం వెలుతురులో దనీరా నిద్రమొహంతో కుర్చీ మీద కూర్చుంది. రోసాల్వా పాయలు తీసి జడ వేస్తోంది. పిల్ల మెడ మీద దిండు ముడతలు ఇంకా పోలేదు. రోసాల్వా జడ అల్లడం మామూలు కంటే నెమ్మదిగా సాగించింది. దోన్యా చాయో పొయ్యి దగ్గర కాఫీ వడపోస్తూ, చివరికి ఇంతకీ ఆవిడ లాయరా కాదా అని అడిగింది.

"కాదమ్మా. ఎన్నిసార్లు అడిగినా కాదనే చెబుతుంది."

ముసలమ్మ కాఫీ చుక్కలు పడటం ఆగే దాకా చూస్తూ నిలబడింది.

"దోన్ ఎవరిస్తో ఆ ముక్క ఒక్కసారి కూడా అనలేదు" అంది. కప్పులో పంచదార కలుపుకుంటూ మళ్లీ అంది, "ఈసారి వస్తే కాఫీ పెట్టను. నిమ్మకాయ నీళ్లిస్తాను. అవి కూడా తాగకపోతే అప్పుడు చూద్దాం."